గోడ క్యాలెండరా, పంచాంగం పుస్తకమా, ఫోన్ యాపా, అయ్యగారా: ఏ పనికి ఏది చూడాలి?

హనుమకొండలో నాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దశదినకర్మ కార్డులు కొడుతుంటాం. నా టేబుల్ దగ్గర గోడకు క్యాలెండర్ ఉంటుంది, సొరుగులో సిద్ధాంతి గారి పంచాంగం ఉంటుంది, ఫోన్‌లో యాప్ ఉంటుంది, అయ్యగారి నంబర్ ఎలాగూ ఉంటుంది. నాలుగూ ఒకే మాట చెప్పే రోజులే ఎక్కువ. చెప్పని రోజున మాత్రం షాపులో పంచాయితీ.

పోయిన ఎండాకాలం ఒక పెండ్లి పత్రిక ప్రూఫ్ చూస్తూ అమ్మాయి మేనమామ ఫోన్ తీశాడు. "ముహూర్తం పది నలభైకి. ఇందులో దశమి పదింటికే అయిపోయింది. మీరు దశమి అని కొట్టిండ్రేంది?" అన్నాడు. అబ్బాయి నాన్న చేతిసంచీలోంచి పంచాంగం తీసి పేజీ తిప్పాడు. అందులో దశమి పదకొండు దాటేదాకా ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదని, అయినా ఆ పత్రిక మీద ఒక్కటే వేయాలని నాకు తెలుసు. ఎందుకో అప్పుడు చెప్పడానికి తీరిక లేదు. ఇక్కడ తీరిగ్గా చెప్తా.

తేడా నిమిషాల్లో ఉందా, గంటల్లో ఉందా?

పంచాంగంలో కనిపించే అంకెలన్నీ ఒక జాతివి కావు. తిథి, నక్షత్రం, యోగం, కరణం ఆకాశంలో జరిగే లెక్క. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి అయిపోయినట్టు. ఆ క్షణం వరంగల్‌కు వేరు, ఢిల్లీకి వేరు ఉండదు. మన గడియారం దేశమంతా ఒక్కటే కాబట్టి దశమి ముగిసే టైమ్ కూడా దేశమంతా ఒక్కటే. వర్జ్యం (శుభకార్యానికి వదిలేసే వేళ), అమృత ఘడియలు (మంచి వేళ) నక్షత్రాన్ని బట్టి లెక్కకడతారు కాబట్టి వాటిదీ అదే దారి.

రాహుకాలం, యమగండం, గుళిక కాలం, దుర్ముహూర్తం, లగ్నం (ఆ వేళకు తూర్పున ఉదయించే రాశి) మాత్రం పొద్దు పొడుపును బట్టి వచ్చేవి. ఇవి ఊరూరికీ మారతాయి. మన వరంగల్ కన్నా హైదరాబాద్‌లో నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా తెల్లారుతుంది, విజయవాడలో నాలుగు నిమిషాలు ముందే తెల్లారుతుంది. చలికాలం ఢిల్లీలో అయితే అరగంట ఆలస్యం.

దీన్నిబట్టి ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెండు చోట్ల రాహుకాలం నిమిషాల తేడాతో ఉంటే ఊరు వేరని అర్థం. తిథి ముగిసే టైమే అరగంట, గంట, రెండు గంటల తేడాతో ఉంటే లెక్కకట్టే పద్ధతే వేరు. మొదటిదాన్ని సెట్టింగ్ మార్చి సరిచేసుకోవచ్చు. రెండోదాన్ని సరిచేయలేం, ఏదో ఒక వైపు నిలబడాల్సిందే.

ఎంచుకునే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

*ఇది ఏ ఊరి పొద్దుకు కట్టింది?* పంచాంగం పుస్తకంలో మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. గోడ క్యాలెండర్‌లో వెతకాలి, దొరక్కపోవచ్చు కూడా. యాప్‌లో మీరు పెట్టుకున్న ఊరు ఉంటుంది. పెట్టుకోకపోతే వాళ్ళు పెట్టిన ఊరు ఉంటుంది.

*దృగ్గణితమా, పూర్వపద్ధతా?* దృగ్గణితం అంటే చంద్రుడు ఇప్పుడు నిజంగా ఎక్కడ కనిపిస్తాడో ఆ లెక్క. పూర్వపద్ధతి అంటే సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాల సూత్రాలతో కట్టేది. పూర్వపద్ధతిలో 'బాణవృద్ధి రసక్షయం' అని ఒక కట్టుబాటు ఉంది. బాణాలు ఐదు, రసాలు ఆరు. తిథికి మామూలు లెక్క 60 ఘడియలు. ఐదు పెరిగితే 65 ఘడియలు, ఆరు తరిగితే 54 ఘడియలు, అంతకు మించి కదలదు. గంటల్లో చెప్తే 26 గంటలు మించదు, 21 గంటల 36 నిమిషాలకు తగ్గదు. దృగ్గణితంలో తిథి 20 గంటల లోపుకు కూడా పడిపోతుంది. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియకపోతే నెలలో తిథులు వరసగా చూసుకుంటూ పోండి. ఎక్కడైనా 21 గంటలకు తక్కువ తిథి తగిలితే అది దృగ్గణితమే. గ్రహణాల దగ్గరికి వస్తే మాత్రం పూర్వపద్ధతి వాళ్ళు కూడా దృగ్గణితం లెక్కే తీసుకోవడం మామూలు. ఆకాశంలో అందరికీ కనిపించేదాన్ని కాదనలేం కదా.

*మాసం అమావాస్యకు ముగుస్తుందా, పున్నమికా?* తెలుగువాళ్ళకు అమావాస్యకు ముగుస్తుంది, దీన్ని అమాంతం అంటారు. ఉత్తరాది లెక్కలో పున్నమికి ముగుస్తుంది, అది పూర్ణిమాంతం. శుద్ధ పక్షంలో తేడా తెలియదు, బహుళ పక్షంలో నెల పేరే మారిపోతుంది. మనకు మాఘ బహుళ చతుర్దశి అయిన శివరాత్రి వాళ్ళకు ఫాల్గుణంలో వస్తుంది.

*అర్ధరాత్రి దాటిన టైమ్‌ను ఎలా రాశారు?* నాలుగిట్లో ఎక్కువ మందిని ముంచేది ఇదే. నన్నూ ముంచింది. ఆ కథ కింద ఉంది.

గోడ క్యాలెండర్

బంగారం షాపులోనో కిరాణంలోనో ఊరికే ఇస్తారు. వంటింట్లో నుంచి తల తిప్పితే కనిపిస్తుంది. అమావాస్య ఎప్పుడు, సంకటహర చతుర్థి ఎప్పుడు, ఈ నెల మంచి రోజులు ఏవి అనేదానికి దీన్ని మించింది లేదు. మా అమ్మ పాల లెక్క కూడా దాని మీదే రాస్తుంది. యాప్‌లో ఆ సౌకర్యం ఇంకా రాలేదు.

లోపమల్లా చోటు లేకపోవడమే. అంగుళం గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ ఇరికించాలి కాబట్టి ఉ., ప., రా., తె. అని పొడి అక్షరాల్లో రాస్తారు. ఈ 'తె.' దగ్గరే తిరకాసు. బుధవారం గడిలో 'తె. 4.10' అని ఉంటే బుధవారం తెల్లవారుజాము కాదు. బుధవారం రాత్రి గడిచాక వచ్చే తెల్లవారుజాము, అంటే ఇంగ్లీషు లెక్కలో గురువారం. మనకు రోజు పొద్దు పొడుపుతో మొదలై మళ్ళీ పొద్దు పొడుపుతో ముగుస్తుంది. అర్ధరాత్రి తేదీ మారేది ఇంగ్లీషువాళ్ళ లెక్క.

షాపు పెట్టిన కొత్తలో ఒక పత్రిక కొట్టాను. ముహూర్తం బుధవారం రాత్రి 2.35కు. పన్నెండు దాటింది కదా అని తెలివిగా 'గురువారం రాత్రి 2.35' అని మార్చాను. ప్రూఫ్ చూసినవాళ్ళు పేర్లు, బిరుదులు, చుట్టాల వరస చూశారు గానీ వారం చూడలేదు. మంథని నుంచి ఒక డీసీఎం నిండా చుట్టాలు గురువారం రాత్రి పదకొండింటికి ఫంక్షన్ హాల్ ముందు దిగారు. లోపల కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి కడుగుతున్నారు. అప్పటి నుంచి మా షాపులో అర్ధరాత్రి దాటిన ముహూర్తం ఏదైనా 'బుధవారం రాత్రి 2.35 ని.లకు (తెల్లవారితే గురువారం)' అనే పడుతుంది. కస్టమర్ వద్దన్నా పడుతుంది.

పంచాంగం పుస్తకం

ఉగాదికి ముందు కొంటే సంవత్సరమంతా వస్తుంది. రోజువారీ వివరాలు, మూఢాలు (గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనిపించకుండా పోయే రోజులు), పుష్కరాంశలతో సహా పెండ్లి ముహూర్తాలు, వాస్తు కర్తరి (ఇంటి పని మొదలుపెట్టకూడని ఎండాకాలపు రోజులు), ఆదాయ వ్యయాలు, అన్నీ ఒక చోట ఉంటాయి. ముఖ్యంగా పండుగ ఏ రోజు చేయాలో సిద్ధాంతి తేల్చి చెప్తారు, ఎందుకో కూడా చాలాసార్లు రాస్తారు. ఇది యాప్‌లో అరుదు.

కష్టం ఏమిటంటే చదవడం నేర్చుకోవాలి. కొన్నిట్లో గంటలు నిమిషాలు ఉంటాయి, కొన్నిట్లో ఘడియలు విఘడియలు ఉంటాయి. ఘడియ అంటే 24 నిమిషాలు, అందులో అరవయ్యో వంతు విఘడియ. రెండున్నర ఘడియలు ఒక గంట. డిసెంబరు మూడో వారంలో ఒక తిథి పక్కన 32-15 అని ఉందనుకోండి. 32 ఘడియల 15 విఘడియలు అంటే 12 గంటల 54 నిమిషాలు. దాన్ని పొద్దు పొడుపుకు కలపాలి. ఏ ఊరి పొద్దు పొడుపుకు? పుస్తకం ఏ ఊరికి కట్టారో ఆ ఊరిది. వరంగల్‌లో ఆ రోజుల్లో 6.38కి తెల్లారుతుంది, దాంతో కలిపితే రాత్రి 7.32 వస్తుంది. పుస్తకం రాజమండ్రిది అయితే అక్కడ 6.27 ప్రాంతంలోనే తెల్లారుతుంది కాబట్టి అసలు టైమ్ 7.21. మన పొద్దుతో కలిపి పది నిమిషాలు పోగొట్టుకుంటాం.

పది నిమిషాలదేముంది అనుకోవచ్చు. వ్రతానికి ఏమీ లేదు. పెండ్లికి ఉంది. ఒక లగ్నం దాదాపు రెండు గంటలు నడుస్తుంది, అందులో నవాంశ తొమ్మిదో వంతు, అంటే పదమూడు నిమిషాలు. లగ్నంలో మేలైన నవాంశను పుష్కరాంశ అంటారు, ముహూర్తం పెట్టేది ఆ పదమూడు నిమిషాల్లోకే. లగ్నం ఊరిని బట్టి జరుగుతుంది కాబట్టి పది నిమిషాలు జరిగితే అంశ చేయి జారినట్టే.

ఫోన్ యాప్

ఊరు సరిగ్గా పెట్టుకుంటే రాహుకాలం, దుర్ముహూర్తం నిమిషంతో సహా మన ఊరికే చెప్తుంది. పదేళ్ళ కింద మనవడు ఏ తిథిన పుట్టాడో, తాత ఏ నక్షత్రంలో పోయాడో ఒక్క నిమిషంలో తీయొచ్చు. ఈ పనికి నేను ఇంకొకటి చూడను.

కానీ నాకు ఎదురైన దెబ్బ చెప్పాలి. ఒక డిసెంబరు సోమవారం షాపులో కొత్త ప్రింటర్ దించాం. యాప్‌లో రాహుకాలం 8.27కు మొదలు అని ఉంది. 8.15కు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి కాగితం తీశాం. సాయంత్రం తీరిగ్గా చూస్తే యాప్ పైన చిన్న అక్షరాల్లో న్యూఢిల్లీ అని ఉంది. వరంగల్‌కు ఆ రోజు రాహుకాలం 8.01కే మొదలైంది. కొట్టిన కాయ రాహుకాలంలోనే కొట్టినట్టు. మెషీన్ ఇప్పటికీ బాగానే నడుస్తుంది, అది వేరే సంగతి. కానీ యాప్ పెట్టగానే మొట్టమొదట చూడాల్సింది పైన ఉన్న ఊరి పేరు. రెండోది మాసం అమాంతమా, పూర్ణిమాంతమా అన్న సెట్టింగ్. మూడోది 27.15 లాంటి టైమ్ కనిపిస్తే కంగారు పడకుండా 24 తీసేయడం. అది మర్నాడు తెల్లవారుజామున 3.15 అన్నమాట.

చాలా యాప్‌లు దృగ్గణితమే. ఇంట్లో పూర్వపద్ధతి పంచాంగం, చేతిలో యాప్ రెండూ ఉంటే పైన చెప్పిన మేనమామ గొడవ మీ ఇంట్లో కూడా రాసిపెట్టుకోండి.

ఇక పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే 'నేటి పంచాంగం' బొమ్మలు. ఏ ఊరికో తెలియదు, ఏ పద్ధతో తెలియదు, ఒక్కోసారి నిన్నటివి. గుడ్‌మార్నింగ్‌కు గుడ్‌మార్నింగ్ పెట్టి వదిలేయండి.

అయ్యగారు

మిగతా మూడూ అంకెలు చెప్తాయి. అయ్యగారు మీ పేరుబలం, ఇంటి ఆచారం, మీ ఇంట్లో మైల ఉందా, అమ్మాయి నక్షత్రానికి తారాబలం కుదిరిందా అన్నీ చూసి నిర్ణయం చెప్తారు. దానికి ప్రత్యామ్నాయం లేదు.

అయితే ఆయన కూడా ఒక పుస్తకం చూసే చెప్తారు. ఏ పుస్తకమో అడగడం అగౌరవం ఏమీ కాదు. మాఘమాసంలో ఆయన ఫోన్ ఎత్తేది రాత్రి తొమ్మిది తర్వాతే, అదీ బండి మీద. ఆ హోరులో 'పది నలభై' 'పది నలభై ఏడు' అవుతుంది. అందుకే నేను ఫోన్‌లో విన్న ముహూర్తాన్ని పత్రిక మీద వేయను. ఆయన చేత్తో రాసిన లగ్నపత్రిక జిరాక్స్ తెమ్మంటాను.

ఇద్దరు అయ్యగార్లను మాత్రం అడగకండి. మీ పనికి పీటల ముందు కూర్చునేది ఎవరో ఆయన మాటే లెక్క.

| | ఊరి లెక్క | చదవడం | పండుగ నిర్ణయం | దేనికి బాగు |
|---|---|---|---|---|
| గోడ క్యాలెండర్ | తరచుగా రాసి ఉండదు | తేలిక, 'తె.' దగ్గర జాగ్రత్త | తేదీ ఇస్తుంది, కారణం ఇవ్వదు | రోజువారీ చూపు, నోములు |
| పంచాంగం పుస్తకం | మొదటి పేజీల్లో ఉంటుంది | నేర్చుకోవాలి | కారణంతో సహా | ముహూర్తాలు, మూఢాలు, పండుగలు |
| ఫోన్ యాప్ | మీరు పెట్టుకున్నది | తేలిక, సెట్టింగ్‌లు చూడాలి | తేదీ ఇస్తుంది, స్థానిక ఆచారం తెలియదు | రాహుకాలం, పాత తేదీల తిథులు, విదేశాల్లో ఉన్నవాళ్ళు |
| అయ్యగారు | ఆయన పుస్తకాన్ని బట్టి | రాయించుకోవాలి | ఇంటి ఆచారంతో సహా | పెండ్లి, గృహప్రవేశం, తద్దినం |

రోజువారీ చెడు సమయాల్లో ఏది చూడాలి, ఏది వదలాలి

అన్నీ వదలాలంటే బతకలేం. రాహుకాలం గంటన్నర, యమగండం గంటన్నర, గుళిక కాలం గంటన్నర, దుర్ముహూర్తం 48 నిమిషాలు, కొన్ని వారాల్లో అది రెండుసార్లు. వర్జ్యం దాదాపు గంటా ముప్ఫై ఆరు నిమిషాలు, పగలు పడితే అదీ కలపాలి. పన్నెండు గంటల పగటిలో ఏడు గంటలు పోతాయి. మిగిలిన ఐదింట్లో బ్యాంకు లంచ్ టైమ్ ఒకటి.

తమిళనాడు వైపు రాహుకాలానికి ఎంత పట్టు ఉందో, మన పాత తెలుగు ఇండ్లలో వర్జ్యానికి, దుర్ముహూర్తానికి అంత పట్టు. మా తాత "వర్జ్యం ఎప్పుడు పోతది?" అని అడిగేవాడు గానీ రాహుకాలం ఎత్తేవాడు కాదు. నా లెక్క ఇది: శుభకార్యానికి వర్జ్యం, దుర్ముహూర్తం తప్పక చూడండి. ప్రయాణం, కొనుగోలు, కొత్త పని మొదలుపెట్టడం వంటివాటికి రాహుకాలం దాటితే చాలనుకోండి. గుళిక కాలంలో చేసిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతుందని అంటారు కాబట్టి అప్పు తీసుకోవడానికి వద్దు, బంగారం కొనడానికి బాధ లేదు.

దుర్ముహూర్తం వారాన్ని బట్టి వస్తుంది. బుధవారం నాడు సరిగ్గా నడిమధ్యాహ్నం పడుతుంది. మిగతా రోజుల్లో ఎంతో మంచిదనే అభిజిత్తు కూడా అదే సమయం. అందుకే బుధవారం అభిజిత్తు పెట్టరు.

రాహుకాలానికి అందరికీ నోటికొచ్చిన పట్టిక ఒకటుంది: సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, అలా. ఆ పట్టిక పొద్దు సరిగ్గా ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందని అనుకుని కట్టింది. నిజానికి పగటిని ఎనిమిది భాగాలు చేయాలి. వరంగల్‌లో జూన్ మూడో వారంలో 5.37కు తెల్లారి 6.50కి పొద్దు కుంకుతుంది, ఒక్కో భాగం 99 నిమిషాలు. డిసెంబరు మూడో వారంలో 6.38 నుంచి 5.42 దాకా, ఒక్కో భాగం 83 నిమిషాలే. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూగా ఇలా వస్తుంది:

| వారం | నోటి పట్టిక | వరంగల్, జూన్ | వరంగల్, డిసెంబరు |
|---|---|---|---|
| సోమవారం | 7.30 – 9.00 | 7.16 – 8.55 | 8.01 – 9.24 |
| బుధవారం | 12.00 – 1.30 | 12.13 – 1.52 | 12.10 – 1.33 |
| ఆదివారం | 4.30 – 6.00 | 5.11 – 6.50 | 4.19 – 5.42 |

జూన్‌లో ఆదివారం సాయంత్రం 'ఆరు దాటింది, రాహుకాలం పోయింది' అని బయల్దేరేవాళ్ళు నిండు రాహుకాలంలో బయల్దేరుతున్నట్టు. ఈ ఒక్క పనికి యాప్ క్యాలెండర్ కన్నా మేలు.

పండుగ తేదీ దగ్గర నాలుగూ తడబడే చోటు

పొద్దున ఏ తిథి ఉంటే ఆ రోజు పండుగ అనేది అన్నిటికీ కుదరదు. వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి. దీపావళికి పొద్దు కుంకే వేళ అమావాస్య ఉండాలి. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. తిథి రెండు రోజుల మీద పరుచుకున్నప్పుడు వాదన మొదలవుతుంది. 2024 దీపావళి గుర్తుందా? అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం దాటాక వచ్చి నవంబరు 1 సాయంత్రం పొద్దు కుంకిన కాసేపటికి పోయింది. రెండు సాయంత్రాలూ అమావాస్యే. మనకు సెలవు 31న వచ్చింది, కొందరు ఒకటిన చేసుకున్నారు.

2026 ఉగాది ఇంకో రకం. మార్చి 19న మనకు ఆరుంబావు దాటాక తెల్లారుతుంది, అప్పటికి ఇంకా అమావాస్యే. పాడ్యమి 6.53కు వచ్చి మర్నాడు తెల్లారక ముందే వెళ్ళిపోతుంది. ఏ పొద్దు పొడుపునూ చూడని పాడ్యమి అది. పొద్దున గడి మాత్రమే చూసేవాడికి ఆ ఏడు ఉగాదే దొరకదు. అయినా ఉగాది 19నే.

మన పండుగల్లో కొన్నిటికి ఏ పంచాంగమూ సరిపోదు. బతుకమ్మనే చూడండి. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూలు, తొమ్మిదో రోజు సద్దులు. 2025లో పెత్రమాస సెప్టెంబరు 21. లెక్కపెడితే తొమ్మిదో రోజు 29, దుర్గాష్టమి చూస్తే 30. మధ్యలో ఒక తిథి పెరగడం వల్ల రోజులూ తిథులూ విడిపోయాయి. యాప్ అష్టమి చెప్తుంది, వాడలో ఆడవాళ్ళు రోజులు లెక్కపెడతారు. వేములవాడలో అయితే ఏడో రోజే సద్దులు. ఇక్కడ నా సలహా ఒకటే: మీ వాడలో బతుకమ్మ ఎప్పుడు దిగుతుందో అప్పుడే మీరూ దించండి. ఒక్కళ్ళే చెరువుకు పోయి ఆడే పండుగ కాదు.

మేడారం కూడా అంతే. మాఘ పున్నమి జాతర అంటారు గానీ బుధవారం మొదలై శనివారం ముగియాలి. 2022లో పున్నమి మొదటి రోజైన ఫిబ్రవరి 16న పడింది. 2024లో చివరి రోజైన 24న పడింది. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాకా, పున్నమి ఫిబ్రవరి 1. పున్నమి చూసుకుని బస్సెక్కితే గద్దెలు ఖాళీగా కనిపిస్తాయి. పూజారులు ప్రకటించిన తేదీలే తేదీలు.

ఎవరికి ఏది

*పెండ్లి పెట్టుకున్నవాళ్ళకు:* అయ్యగారు, ఆయన వాడే పుస్తకం. అంతే. యాప్‌తో సరిపోల్చి చూసుకోవాలని మనసు లాగుతుంది, ఆపుకోండి. యాప్‌ను పెండ్లి రోజు వంటవాళ్ళు ఎప్పుడు రావాలో అలారం పెట్టడానికి వాడండి. హాల్ బుక్ చేసేముందు మూఢం, అధికమాసం మాత్రం మీరే చూసుకోవచ్చు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ముహూర్తాలు ఉండవు. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం ఒక్కటే చేతిలో ఉంటుంది, వెనకే ఆషాఢం. ఆ ఒక్క నెలకు హాళ్ళ రేట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

*తద్దినం పెట్టేవాళ్ళకు:* ఇక్కడ పొరపాటు జరిగితే మనసుకు ఎక్కువ కష్టం, అందుకే కాస్త నిదానంగా చూడండి. మొదటిది, పోయిన రోజు తేదీ, టైమ్ యాప్‌లో వేసి తిథి తీయండి, మాసం అమాంతంలో ఉందో లేదో చూడండి. నాన్న కార్తీక బహుళ పంచమి నాడు పోతే, పూర్ణిమాంతం యాప్‌లో కార్తీక కృష్ణ పంచమి అని వెతికితే నెల ముందు తేదీ వస్తుంది. రెండోది, తద్దినానికి అపరాహ్ణంలో ఉన్న తిథి కావాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. చలికాలం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర ప్రాంతం, ఎండాకాలం నాలుగు దాటేదాకా. క్యాలెండర్ గడిలో 'దశమి ఉ. 11.00' అని ఉంటే ఆ రోజు దశమి తద్దినం కాదు, ఏకాదశి తద్దినం. రెండూ చూసుకుని అయ్యగారికి చెప్పి ఖాయం చేసుకోండి.

*ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్ళకు:* యాప్‌లో వరసగా రెండు ఏకాదశులు కనిపిస్తే ఒకటి స్మార్తులది, ఒకటి వైష్ణవులది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడున్నారో అదే.

*పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళకు:* ఇక్కడి క్యాలెండర్ ఫొటో తీసి పంపకండి. తిథి క్షణం ప్రపంచమంతా ఒక్కటే, వాళ్ళ గడియారం వేరు, వాళ్ళ పొద్దు వేరు. పైన చెప్పిన ఉగాది పాడ్యమి మనకు 19న పొద్దున 6.53కు వస్తే డల్లాస్‌లో 18 రాత్రి 8.23కే వస్తుంది. వాళ్ళకు 19న తెల్లారేసరికి పాడ్యమి నిక్షేపంగా ఉంటుంది. ఈసారి తేదీ కలిసింది, ప్రతిసారీ కలవదు, ఒకరోజు ముందు పడే పండుగలు చాలా ఉంటాయి. యాప్‌లో వాళ్ళ ఊరు పెట్టుకోమనండి.

*రోజూ ఒకసారి చూసి పని మీద పోయేవాళ్ళకు:* గోడ క్యాలెండర్ చాలు. రాహుకాలం పట్టింపు ఉంటే యాప్ తోడు పెట్టుకోండి.

ఆ రోజు పత్రిక సంగతి చెప్పలేదు కదా. అబ్బాయి వాళ్ళ అయ్యగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆయన పూర్వపద్ధతి పుస్తకం వాడతారు, ఆ పుస్తకంలో పది నలభైకి దశమే. "పెండ్లి చేయించేది నేను, సంకల్పం చెప్పేది నేను, దశమి అనే చెప్తా. మీ ఫోన్ చేయిస్తదా?" అన్నారు. దశమి అనే ఉంచాం. మేనమామ కాసేపు గుర్రుగా కూర్చుని, టీ తాగి, ప్రూఫ్ మీద సంతకం పెట్టాడు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "ఇండ్ల వరంగల్ ఎట్ల పెట్టాలె తమ్మీ, ఇది ఢిల్లీ చూపెడుతున్నది" అన్నాడు.